మళ్ళీ రాళ్ళేనా?

ట్రావెల్స్ వాళ్ళిచ్చిన రంగుల కాగితం మీద హంపి, బాదామి, పట్టదకల్లు, ఐహోళె, బీజాపూరు అని వరసగా వేసి, కింద అంతకంటే పెద్దక్షరాల్లో ‘అన్ని చోట్లా మన తెలుగు వంట’ అని అచ్చేశారు. ఆ కాగితం చూసి ఫోన్ చేసిన హైదరాబాదు వాళ్ళెవరూ బాదామి చాళుక్యులదా పల్లవులదా అని అడిగి ఉండరు. పొద్దున్నే ఇడ్లీనా, ఉప్మానా అని అడిగారు. ఆరో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా వెయ్యేళ్ళ పైచిలుకు చరిత్రని వరస సెలవుల్లో చుట్టబెట్టే టూరు అది. ఆ వెయ్యేళ్ళకీ కలిపి కేటాయించిన టైము కన్నా టిఫిన్లకీ భోజనాలకీ కేటాయించిన టైమే కాస్త ఎక్కువ తేలింది. దీని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, నాక్కూడా.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ముందు సీట్లు ఇస్తామని మేనేజరు కుర్రాడు బస్సెక్కించేటప్పుడు నోరు జారాడు. అంతే, ఆ క్షణం నుంచి బస్సులో మోకాలు బాగున్న మనిషి లేడు. వాళ్ళ గొడవ సద్దుమణిగాక టీవీలో ‘ఆదిత్య 369’ పెట్టారు. పెట్టకపోతేనే వింత. కృష్ణదేవరాయల గురించి సగటు తెలుగువాడికి తెలిసిన చరిత్రలో కొంత 1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’, కొంత 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’, మిగిలింది 1991లో వచ్చిన ఈ టైమ్ మెషీను. మొదటి రెంటిలో రాయలు ఎన్టీఆరు, మూడోదాంట్లో ఆయన కొడుకు. సింహాసనం వంశపారంపర్యంగానే వచ్చింది కనక మా బస్సులో ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

హంపిలో మాకు దొరికిన గైడు బళ్ళారి వైపు మనిషి. చేతిలో ఉన్న నల్లగొడుగు ఎండకి కాదు, మమ్మల్ని తోలడానికి. “ఈడికి రండి సార్, నీడుంది” అని మమ్మల్నందరినీ ఓ మూలకి చేర్చాకే చరిత్ర ఎత్తుకునేవాడు. హరిహర బుక్కరాయలు 1336లో పునాది వెయ్యడం దగ్గర్నుంచి 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం దాకా ఒక్క గుక్కలో చెప్పేసి, “పది నిమిషాలు, ఫోటోలు తీసుకోండి” అని గొడుగు దించేవాడు. ఆ పది నిమిషాల కోసమే మావాళ్ళు ఆ గుక్కని భరించేవారు.

రాయలు ఎవరివాడన్న తగువు మాస్టారు తెచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. శ్రీకాకుళాంధ్ర విష్ణువు రాయలకి కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ని తెలుగులోనే రాయమన్న పద్యం ఆయనకి నోటికి వచ్చు. గుడిగుడికీ వచ్చింది కూడా. ఆ శ్రీకాకుళం మన కృష్ణా జిల్లాలోది కాబట్టి రాయలు మనవాడేనని ఆయన తీర్పు. వెనక సీటు కుర్రాడొకడు ఫోన్లో వెతికి, రాయలది తుళువ వంశమనీ, బిరుదు కన్నడ రాజ్య రమారమణ అనీ, ఆ కావ్యంలో కథేమో తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరుదనీ పైకి చదివాడు. మాస్టారు ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు. చివరికి పంచాయతీ గైడు దగ్గరికి వెళ్ళింది. అతను ఇలాంటి తగువులు చాలా చూసినట్టున్నాడు. “బస్సు నంబరు ప్లేటు ఏ రాష్ట్రందైతే, ఆ పొద్దుకి రాయలవారు ఆ రాష్ట్రం మనిషి సార్” అన్నాడు. విజయనగరం గురించి ఇంత నిష్పక్షపాతమైన మాట నేనెక్కడా చదవలేదు.

గైడు చెప్పినవాటిలో మా మగాళ్ళంతా ఫోన్లు జేబులో పెట్టుకుని విన్నది ఒకటే ఒకటి, నువ్వులనూనె సంగతి. 1520 ప్రాంతంలో హంపి చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. రాయలవారు రోజూ తెల్లారకముందే నువ్వులనూనె తాగేవారట, మన లెక్కలో నాలుగు వందల మిల్లీలీటర్ల పైమాటే. ఒంటికి పట్టించుకునేదీ అదే నూనె. తర్వాత బరువులెత్తి, కత్తి తిప్పి, తాగిన నూనంతా చెమటై కారిపోయాక మల్లయుద్ధం, ఆ తర్వాత తెల్లారేదాకా గుర్రపు స్వారీ. ఎండలో వాలిపోయిన జనం ఒక్కసారి లేచి కూర్చున్నారు. “గానుగదా, రిఫైండా?” అన్నారొకరు. “పరగడుపునేనా?” అన్నారు ఇంకొకరు. “కొలెస్టరాలు మాటేమిటి?” అని, మా ట్రిప్పులో అందరికంటే పెద్ద మాత్రల డబ్బా ఉన్నాయన అడిగాడు. మహానవమి దిబ్బ దగ్గర ఇంత ఆసక్తి లేదు. అంత పెద్ద రాతి వేదిక మీద రాజు కూర్చుని దసరా ఉత్సవాలు చూసేవాడంటే “ఓహో” అని ఊరుకున్నవాళ్ళే వీళ్ళు. రాయలు అరవై నిండకుండానే పోయారని తెలిశాక, నూనె మానెయ్యాలని కొందరూ, వ్యాయామం మానెయ్యాలని కొందరూ తీర్మానించుకున్నారు.

రాతి రథం దగ్గర వేరే సంకటం వచ్చిపడింది. యాభై రూపాయల నోటు వెనక ఉన్నది ఈ రథమే. నోటుని కంటి ఎత్తున పట్టుకుని, అందులో రథాన్నీ అసలు రథాన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోకపోతే హంపి వెళ్ళినట్టు లెక్కలోకి రాదు. తీరా చూస్తే అంత బస్సుకీ కలిపి ఒక్క యాభై నోటు లేదు. ఐదువందలున్నాయి, కార్డులున్నాయి, ఫోన్‌పే అందరికీ ఉంది. ఆఖరికి మా వంటాయన నడుముకి కట్టుకున్న గుడ్డసంచీలోంచి ఒకటి తీశాడు. నాలుగు మడతలు, ఒక మూల చిరిగితే అంటించిన టేపు, దగ్గరికి తెస్తే గుప్పున ఇంగువ వాసన. ఆ నోటు కోసం క్యూ కట్టారు. ఒకరు పట్టుకోవడం, ఒకరు కన్ను మూసి గురి చూడ్డం, “కొంచెం కిందకి... చక్రం దగ్గర మీ బొటనవేలు అడ్డం” అనడం. జాగ్రత్తగా మడత విప్పి, అరచేతి మీద సాపు చేసి, పక్కవాళ్ళకి అందించడం. అసలు రథం వైపు తలతిప్పి చూసినవాళ్ళు తక్కువ.

గైడు ఆ క్యూకి చెప్పుకుంటూ పోయాడు పాపం. ఇది ఏకశిల కాదు, రాళ్ళు అతుకు తెలియకుండా పేర్చి కట్టారన్నాడు. నిజానికిది గరుత్మంతుడి గుడి అన్నాడు. ముందున్న ఏనుగులు మొదట్నుంచీ ఉన్నవి కావు, మొదట గుర్రాలుండేవి, కావాలంటే ఏనుగుల వెనక ఆ గుర్రాల తోకలు మిగిలే ఉన్నాయి, వంగి చూడండన్నాడు. 1856లో గ్రీన్‌లా అనే దొర తీసిన ఫోటోకి లామినేషన్ చేయించిన కాపీ చూపించాడు. అందులో రథం మీద ఇటుకల శిఖరం కూడా ఉంది, తర్వాతెప్పుడో తీసేశారు. అంటే నోటు మీదున్నది శిఖరం పోయిన రథం. నాకు ఈ ముక్క భలే నచ్చి మా ఆవిడకి చెప్పబోతే, “ముందు ఆ నోటు మనవరకూ వచ్చేలా చూడండి” అంది. మావరకూ రాలేదు. మధ్యలో ఎవరో మహానుభావుడు పరధ్యానంగా దాన్ని మజ్జిగమ్మాయికిచ్చి గ్లాసు మజ్జిగ తాగేశాడు. ఆ రాత్రి ఉప్మాలో జీడిపప్పు లేదు. వంటాయన ఎవరినీ ఒక్క మాట అనలేదు.

పక్కనే సంగీత స్తంభాలు. ఎన్నాళ్ళుగానో మీటి మీటి అరగదీశారని ఇప్పుడు ముట్టుకోనివ్వరు. మా గైడు జేబులోంచి ఫోన్ తీసి, స్తంభం ఎలా మోగుతుందో రికార్డింగు వినిపించాడు. రాతి మండపం ముందు జనమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు వాలి ఓ చైనా ఫోనుకి చెవులొగ్గారు. బాగానే మోగింది.

మాతో వచ్చిన పిన్నిగారి కష్టం మాత్రం ఎవరూ తీర్చలేకపోయారు. ఆవిడ కర్పూరం, కొబ్బరికాయలు, పసుపు కుంకాలు సంచీనిండా తెచ్చుకున్నారు. విరూపాక్షుడి గుడిలో ఇబ్బంది లేదు. అక్కడ పూజ జరుగుతోంది, గోపురం నీడ లోపలి గోడ మీద తలకిందులుగా పడే వింత కూడా ఉంది, లక్ష్మి అనే ఏనుగు డబ్బులు పుచ్చుకుని దీవిస్తుంది. విఠలుడి గుడికి వచ్చేసరికి గర్భగుడి ఖాళీ. “దేవుడు లేని గుడికి ప్రదక్షిణం చెయ్యాలా, వద్దా?” అని ఆవిడ మాస్టారినడిగారు, మాస్టారు గైడునడిగారు, గైడు వాచీ చూసుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఆవిడ ఒకటిన్నర ప్రదక్షిణం చేశారు. ఆ ఖాళీకి కారణమైనవాళ్ళని మాత్రం వదల్లేదు. తళ్ళికోటలో గెలిచిన సుల్తానుల్ని, వాళ్ళ సైన్యాల్ని, నెలల తరబడి ఊరిని కొల్లగొట్టిన ప్రతివాణ్ణీ బస్సు ఎక్కేదాకా శపించారు.

బాదామిలో మోకాళ్ళన్నీ బాగయ్యాయి. కారణం కోతులు. ఎర్రకొండ తొలిచిన గుహల మెట్ల మీద చేగోడీల పొట్లం ఎవరి చేతిలో ఉందో కోతులకి ముందే తెలుసు. ఒకటి వెంటపడేసరికి ముందు సీట్ల వాళ్ళంతా నాలుగో గుహ దాకా ఆగలేదు. దాంతో మొదటి గుహలో పద్ధెనిమిది చేతుల నటరాజు, మూడో గుహలో 578 నాటి శాసనం రెండూ వాళ్ళ వెనకే ఉండిపోయాయి. అగస్త్యుడు వాతాపిని జీర్ణం చేసుకున్న చోటు ఇదేనంటే, పొట్లం పోగొట్టుకున్నాయన “చేగోడీల్ని కూడానా?” అన్నాడు.

“మళ్ళీ రాళ్ళేనా?” అన్న మాట మొదటిసారి వినబడింది ఇక్కడే. ఎవరన్నారో చెప్పను, మా ఇంటికి తిరిగి రావాలి కదా. పట్టదకల్లులో లోకమహాదేవి అనే రాణి, భర్త విక్రమాదిత్యుడు కంచి మీద గెలిచి వచ్చినందుకు ఎనిమిదో శతాబ్దంలో ఇంత గుడి కట్టించిందని గైడు చెప్పినప్పుడు నేను ఆవిడ వైపు చూశాను. నేనూ కంచి వెళ్ళొచ్చినవాణ్ణే, పట్టుచీర కూడా తెచ్చాను. రంగు దిగుతోందని ఇప్పటికీ అంటుంది.

ఐహోళెలో గుళ్ళు నూటికి పైనే. నాలుగు దిగి చూశాం, మిగతావాటికి బస్సు కిటికీలోంచి దణ్ణం పెట్టాం. అక్కడ మేగుటి గుట్ట మీద రవికీర్తి అనే కవి 634లో రెండో పులకేశిని పొగుడుతూ వేయించిన శాసనముంది. పనిలోపనిగా తనని కాళిదాసుతోనూ భారవితోనూ పోల్చుకున్నాడు. గుట్ట కింద చెరుకురసం బండి ఉంది. పైకి మాస్టారొక్కరే ఎక్కారు. దిగొచ్చి, “భాష సంస్కృతం, లిపి పాత కన్నడం” అన్నారు నీరసంగా. రెండో గ్లాసు చెరుకురసం పడ్డాక తేరుకుని, అప్పటికి తెలుగు, కన్నడ లిపులు విడిపోలేదు కాబట్టి అక్షరాల్లో సగం మనవేననీ, పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగికొచ్చి రాజ్యం చేశాడు కాబట్టి చాళుక్యులూ మనవాళ్ళేననీ తేల్చారు.

బీజాపూర్లో గైడు మారాడు, యుద్ధం మారలేదు. అదే తళ్ళికోట, ఈసారి గెలిచినవాళ్ళ ఊళ్ళో. మాలిక్ ఎ మైదాన్ అనే ఫిరంగి చూపించాడు. బరువు 55 టన్నులు, మూతి సింహం నోరులా ఉండి, ఆ నోట్లో ఏనుగు నలుగుతుంటుంది. తళ్ళికోటలో పేలింది ఇదేనంటారు అన్నాడు. విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు ఒక సుల్తానుని ఇంకో సుల్తాను మీదకి ఉసిగొల్పుతూ వచ్చాడనీ, చివరికి వాళ్ళంతా ఏకమయ్యారనీ చెప్పాడు. అందులో ఒకడైన అలీ ఆదిల్‌షా అంతకుముందు, రామరాయల కొడుకు పోతే పరామర్శకి విజయనగరం వెళ్ళాడనీ, అప్పుడు రామరాయల భార్య అతణ్ణి కొడుకుగా చేసుకుందనీ ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడట. పిన్నిగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. “అయితే ఇది ఇంటి గొడవా!” అన్నారు. ఆ మాటతో అందరికీ మధ్యయుగ దక్కను రాజకీయాలు అరటిపండు ఒలిచినట్టు అర్థమైపోయాయి. కాసేపు రామరాయల భార్య మీద జాలిపడి, ఫిరంగి మీద చెయ్యేసి ఫోటో దిగారావిడ. హంపి శాపాల సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఇక గోల్ గుంబజ్. 1656లో పోయిన ముహమ్మద్ ఆదిల్‌షా సమాధి. 44 మీటర్ల గుమ్మటానికి కింద ఒక్క స్తంభం లేదు. ఏడంతస్తుల ఇరుకు మెట్లెక్కితే పైన గుండ్రటి వసారా. ఇక్కడ గోడకి నోరానించి గుసగుసలాడితే అవతలివైపు వాళ్ళకి వినబడుతుందనీ, గట్టిగా అరిస్తే మాట ఏడుసార్లకి పైగా తిరిగొస్తుందనీ ప్రసిద్ధి. అందుకని అక్కడ ఎవరూ గుసగుసలాడరు. స్కూలు పిల్లలు ఈలలు, మావాళ్ళు మనవళ్ళ పేర్లు, ఎవరో ‘జై బాలయ్యా’.

మా మేనేజరు కుర్రాడు పైకొచ్చాడు. బయల్దేరినప్పట్నుంచీ అతని మాట విన్నవాళ్ళు లేరు. గోడ దగ్గర నించుని, “సార్, బస్సు బయల్దేరుతోంది” అని అరిచాడు. గుమ్మటం ఆ మాటని ఏడుసార్లూ చెప్పింది. ఒక్కరు కదల్లేదు. అతను కాస్త ఆలోచించి మళ్ళీ నోరు గోడకానించి, ఈసారి నెమ్మదిగా, “కింద పకోడీలు వేశారు, చల్లారిపోతున్నాయి” అన్నాడు. ఆ మాట రెండోసారి తిరిగొచ్చేసరికి వినడానికి మావాళ్ళెవరూ పైన లేరు.