అద్దె ఇల్లు చూడ్డం అరగంట పని

హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ వారాల తరబడి తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్లకు పద్ధతి తెలియదు. ఇల్లు చూడ్డానికి అరగంట చాలు. అందులోనూ పది నిమిషాలు ఓనర్ గారింట్లో టీకి పోతాయి.

ముందు ముహూర్తం. డిసెంబరు చివర్లో ఓ ఆదివారం, ఉదయం పదకొండింటికి వెళ్లండి. ఎండ హాయిగా ఉంటుంది. వీధిలో ట్రాఫిక్ ఉండదు. బోరులో నీళ్లుంటాయి. ధనుర్మాసం కాబట్టి వెనకనున్న ఫంక్షన్ హాల్లో డీజే ఉండదు. డాబా మీది గది అయితే మరీ మంచిది, చల్లగా ఉందని మురిసిపోవచ్చు. మే నెల మధ్యాహ్నం ఆ స్లాబు కింద ఎలా ఉంటుందన్నది మే నెల సంగతి.

నీళ్ల గురించి అడగొద్దు. మనసు ఆగకపోతే ‘‘నీళ్లకేం ఇబ్బంది లేదు కదండీ?’’ అని జవాబు మీరే అందిస్తూ అడగండి. ‘‘అస్సల్లేదమ్మా, మంజీరా ఉంది, బోరుంది’’ అంటారు. అక్కడితో ఆగిపోవాలి. (నగరానికి ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి కృష్ణా, గోదావరి నీళ్లే. జనం నోట్లో మాత్రం ఇంకా మంజీరాయే.) ఆ మంజీరా రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా, వచ్చిన నాడు ఎంతసేపు, సంపు ఎంత పెద్దది, ఎన్ని పోర్షన్లు దాని మీద బతకాలి? ఇవన్నీ పోలీసు ప్రశ్నలు. కింద వాచ్‌మన్ భార్యను పొరపాటున కూడా పలకరించకండి. ఎండాకాలంలో వారానికెన్ని ట్యాంకర్లు దిగుతాయో, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసుందో, విడిగా పంచుతారో ఆవిడకు నోటిలెక్క. ఆవిడ నోరు విప్పితే నచ్చిన ఇల్లు నచ్చకుండా పోతుంది. మణికొండ, నిజాంపేట వైపు వెళ్లేటప్పుడు రోడ్డు మీద ట్యాంకర్లు ఎదురైతే తల వంచుకుని ఫోన్ చూసుకోండి.

కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉందా అని మెట్ల కింద వెతకడం మర్యాద కాదు. సబ్ మీటరు పెట్టి, యూనిట్‌కు ఇంతని ఓనర్ గారే రౌండుగా చెబితే లెక్కల బాధ తప్పుతుంది. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ రేటు పెరుగుతుంది. మూడు కుటుంబాలు ఒకే మీటరు మీదుంటే అందరూ కలిసి పై శ్లాబుకు చేరుకోవచ్చు, అదో ఐకమత్యం. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన రేషన్ కార్డుదారులకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఉమ్మడి మీటరుంటే ఆ కాగితాల శ్రమ కూడా ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఈస్ట్ ఫేసింగ్. ఫోన్‌లో దిక్సూచి తెరిచి గుమ్మంలో నిలబడి మరీ చూసుకోండి. తలుపు తీస్తే మూడడుగుల్లో పక్కింటి గోడ ఉన్నా తూర్పు తూర్పే. వంటింట్లో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తే వేసుకోండి.

లేక్ వ్యూ అంటే ఇంకేం ఆలోచించకండి. గ్రౌండ్ ఫ్లోర్ అయితే మరీ దగ్గరగా చూడొచ్చు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు చాలా మునిగాయి. అక్కడివాళ్లు వ్యూ కోసం బాల్కనీలోకి కూడా వెళ్లనక్కర్లేకపోయింది. గోడ మీద మోకాలెత్తున చెమ్మ చార కనిపిస్తే కొత్త రకం పెయింట్ అనుకోండి.

బ్యాచిలర్లైతే పెళ్లి కుదిరిందని చెప్పండి. ఎవరితో అని ఎవరూ అడగరు.

ఇక అగ్రిమెంటు. పదకొండు నెలలకు రాస్తారు. ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయించాలన్న పాత లెక్కతో ఈ పదకొండు. చదవకుండా సంతకం పెట్టడమే పెద్దమనిషి లక్షణం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకుంటామన్న మాట మూడో పేజీలో ఉంటుంది, ఉండనివ్వండి. దిగిన రోజే గోడలకు, నల్లాలకు, పగిలిన టైల్స్‌కు ఫొటోలు తీసి ఓనర్ గారికి వాట్సాప్ చేయడం అనుమానప్పక్షుల పని. అడ్వాన్సు నోట్ల రూపంలో ఇచ్చేసి రసీదు అడక్కండి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అయితే రాష్ట్రం దాన్ని చట్టం చేసుకుంటేనే అమలు. కాబట్టి ఆ ఊసెత్తి ఓనర్ గారిని నొప్పించకండి. ఉద్యోగులైతే ఇంకో సంగతి. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం ఆఫీసుకు ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి. ఆ నంబరు అడిగితే ఆయన మొహం ఎలా మారుతుందో అడ్వాన్సు ఇచ్చాకే చూడాలి. ముందే చూస్తే మజా ఉండదు.

చివరగా, ఆషాఢంలో మాత్రం ఇల్లు వెతకొద్దు. పాలు పొంగించడానికి మంచిది కాదని ఆ నెలలో చాలామంది ఇళ్లు మారరు. బోర్డులు గేట్లకు వేలాడుతూనే ఉంటాయి, ఓనర్లు బేరానికి దిగొస్తారు. ఆ ఇబ్బంది మనకెందుకు? శ్రావణం దాకా ఓపిక పట్టి, అందరితో పాటు ఒకేసారి వీధిలోకి వచ్చి, చెప్పిన అద్దెకు ఒప్పుకోండి.