లోక క్షీణ శాస్త్ర పరిచయం

తెలుగునాట ఏ విశ్వవిద్యాలయంలోనూ శాఖ లేకపోయినా ఆచార్యులకు మాత్రం ఏనాడూ కొదవ లేని శాస్త్రం ఒకటుంది. లోకం నానాటికీ చెడిపోతోందని నిరూపించే ఈ విద్యను చర్చా సౌలభ్యం కోసం లోక క్షీణ శాస్త్రం అనవచ్చు. ఒకప్పుడు రచ్చబండల మీద, వీధి అరుగుల మీద సాగిన దీని బోధన ఇప్పుడు ఉదయపు నడకల పార్కులకూ, విశ్రాంత ఉద్యోగుల సంఘాలకూ, కుటుంబ వాట్సాప్ గ్రూపులకూ విస్తరించింది. లోకం క్షీణిస్తున్నా శాస్త్రం మాత్రం దినదినాభివృద్ధి చెందుతోందన్నమాట. దీనికి పంచాంగపు ఆధారం కూడా గట్టిదే. సంప్రదాయ గణనలో కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైంది, దాని మొత్తం పరిమాణం 4,32,000 ఏళ్లు, అందులో గడిచినవి ఐదు వేల పైచిలుకు మాత్రమే. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న అధర్మమంతా మొదటి పాదంలోని తప్పటడుగులేననీ, సంపూర్ణంగా చెడిపోవడానికి ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్లకు పైగా గడువుందనీ గ్రహించిన పండితుడు నిజానికి ఊరట పొందాలి. అయితే ఊరట ఈ శాస్త్రానికి విరుద్ధం. ఏ దుర్వార్త వచ్చినా అది బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పిందేనన్న ముక్తాయింపు సిద్ధంగా ఉంటుంది. ఆయన ఏం చెప్పారో వార్త వచ్చాక గాని తెలియకపోవడం కాలజ్ఞాన వ్యాఖ్యాతలకున్న విశిష్టత.

క్షీణత ఏ సంవత్సరంలో మొదలైందన్న విషయంలో ఆచార్యులకు ఏకాభిప్రాయం లేదు గాని, అది వక్తకు తల నెరవడం మొదలైన ఏడాదికి అటూ ఇటూగా ఉంటుందన్న సూత్రానికి అపవాదాలు తక్కువ. ఒక తరానికి సినిమా పాట 1974లో ఘంటసాలతోనే పోయింది. తరువాతి తరానికి 2020లో బాలసుబ్రహ్మణ్యంతో పోయింది. మధ్యలో నలభై ఆరేళ్లు అది ఎలా బతికి ఉందో మొదటి తరం చెప్పదు, రెండో తరం అడగదు.

ఆహార, ఆరోగ్య విభాగంలో ఈ శాస్త్రపు ప్రధాన సిద్ధాంతం పూర్వులు జొన్నన్నం, రాగి సంకటి తిని నూరేళ్లు బతికారన్నది. కంటి శుక్లాలకు శస్త్రచికిత్స చేయించుకుని, ఉదయపు రక్తపోటు మాత్ర వేసుకున్న తరువాత దీనిని వివరించడం ఆనవాయితీ. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడది 70 దగ్గర ఉంది. సగటు 32 అంటే అందరూ ఆ వయసుకే పోయారని కాదు. నూరేళ్లు బతికిన తాతగారు ఒక్కరైతే, ఊయల దాటకుండానే పోయిన ఆయన తోబుట్టువులు పలువురనీ, ఆ పసివాళ్లెవరూ అరుగు మీదికి వచ్చి తమ అనుభవం చెప్పలేదనీ అర్థం. శిశు మరణాల రేటు, అంటే వెయ్యి మంది పుడితే ఏడాది నిండకుండా కన్నుమూసేవారి సంఖ్య, దేశంలో 1971లో 129 కాగా 2020 నాటికి 28కి తగ్గింది.

అంకెలు గిట్టనివారు పాత బడి రిజిస్టర్లు తిరగేసినా చాలు. వరుసగా బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన శిశువును పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో, ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అనో పిలుచుకునేవారు. ఇంత పనికిమాలిన బిడ్డను తీసుకుపోయి ఏం చేసుకోవాలని మృత్యువు వదిలేస్తుందన్నది తల్లి ఆశ. ఆ పేర్లు నేటి హాజరు పట్టికల్లో అరుదైపోయాయి. పిల్లలకు అర్థంపర్థం లేని కొత్త పేర్లు పెడుతున్నారని వాపోయే క్షీణవాది, సంప్రదాయాలన్నీ మంటగలిసిపోతున్నాయని చెప్పే తన జాబితాలో ఈ ఒక్క సంప్రదాయాన్ని చేర్చడం మరచిపోయాడు. నిజానికి ఈ శాస్త్రానికి శిష్యులు అన్ని ఇళ్లలోనూ దొరకరు. దొరలకు వెట్టిచాకిరి చేసిన కుటుంబాల్లో ఆ మంచి పాత రోజుల కోసం బెంగపడే వృద్ధుణ్ణి వెతికి పట్టుకోవడం కష్టం.

దీనికి ప్రతిపక్షంగా నిలిచింది వృద్ధివాదం. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్, 1972లో కొంతకాలం బెంగళూరులో ప్రజారోగ్యం చదువుకున్నవాడు, గడచిన ఇరవై ఏళ్లలో ప్రపంచంలో కటిక పేదరికం రెట్టింపయిందా, అలాగే ఉందా, సగమైందా అని దేశదేశాల చదువరులను అడిగి, సగమైందన్న సరైన జవాబు చెప్పినవారు అతి కొద్దిమందేనని తేల్చాడు. చింపాంజీల ముందు ఈ మూడు జవాబులు రాసిన అరటిపళ్లు పెట్టి ఎంచుకోమన్నా మూడింట ఒకటి సరిపోయేవని ఆయన పరిహాసం. ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 1990లో ప్రపంచమంతటా ఏడాదికి కోటి ఇరవై లక్షలు దాటగా, 2022 నాటికి 49 లక్షలకు దిగాయి. ఇది సామాన్యమైన సంగతి కాదు, దీనిని కాదనడానికి మొండితనం తప్ప మరో ఆధారం దొరకదు.

చిక్కల్లా ఈ మతానికి చేరే అనుయాయులతోనే వచ్చింది. గ్రాఫు చేతికొచ్చిన కార్యనిర్వాహకుడికి జీతం పెంచమన్న గుమాస్తా ఎదురైనప్పుడు, ప్రపంచ పేదరికం తగ్గుతున్న గీత చూపించి పంపించాలన్న ఆలోచన రాక మానదు. పైగా ఆ గీతకు ఆధారమైన దారిద్ర్య రేఖ, అంటే రోజుకు ఇంతకన్నా తక్కువతో గడిపేవారు కటిక పేదలని నిర్ణయించే హద్దు, మనుషులు గీసేదే. 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు ఆ హద్దును 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చగానే, ఎవరి జేబులోనూ పైసా తగ్గకుండానే పన్నెండు కోట్ల మందికి పైగా కొత్తగా పేదల లెక్కలో చేరారు. 2011లో భారత ప్రణాళికా సంఘం పట్టణాల్లో రోజుకు 32 రూపాయలు, పల్లెల్లో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాడు పేదవాడు కాడని సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం సమర్పించింది. మరుసటి ఏడాది అదే సంఘం తన భవనంలో రెండు మరుగుదొడ్ల ఆధునికీకరణకు సుమారు 35 లక్షలు వెచ్చించినట్లు సమాచార హక్కు చట్టం కింద వెల్లడైంది. అది మామూలు మరమ్మతేనని సంఘం వివరించింది, ఆ వివరణను అనుమానించవలసిన పని లేదు.

మనిషి బతకడానికి ఇంత చాలునని హద్దు గీసే విద్యకు పూర్వాచార్యుడు రిచర్డ్ టెంపుల్. 1873–74 బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినందుకు ఖజానా గుల్ల చేశాడని నిందపడ్డ ఈ ఆంగ్లేయాధికారి, ఆ తప్పు మళ్లీ చేయరాదనుకున్నాడేమో, రాయలసీమ ధాత కరువుగా గుర్తుంచుకున్న కాలంలో, 1877లో మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, చాలునని నిర్ణయించాడు. శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని పోట్లాడాడు. కాగితం మీద మాత్రం ఆ బత్తెం చక్కగా సరిపోయింది.

రెండు పక్షాలకూ కనిపించనిది తేదీ లేని వార్త. కటిక పేదల సంఖ్య నిన్నటికన్నా 1,37,000 తగ్గిందన్న శీర్షికను పాతికేళ్ల పాటు ప్రతిరోజూ వేయవలసిందని మాక్స్ రోజర్ అనే పరిశోధకుడు పత్రికలను ఎత్తిపొడిచాడు. ఏ సంపాదకుడైనా రెండో రోజే దానిని లోపలి పేజీకి పంపుతాడు, మూడో రోజు విలేకరిని. దిగుడు బావుల నీటితో ఒంట్లో చేరి, కాలి పుండులోంచి మూరెడు దారంలా బయటికి వచ్చే నారికురుపు దేశంలో చివరిసారిగా 1996లో కనిపించింది. మెట్ల బావులను తోడుకునే బావులుగా మార్పించి, బోరింగులు వేయించి, నీటిని బట్టతో వడగట్టుకోమని ఊరూరా తిరిగిన ఉద్యోగులకు ఆ రోజు ఎవరూ దండ వేయలేదు, ఎందుకంటే అది చివరిదని ఆ రోజు ఎవరికీ తెలియదు. చెడు కూడా ఇంతే చప్పుడు లేకుండా వస్తుంది. పశువులకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా సోకి, 1990ల ఆరంభం నుంచి పదిహేనేళ్లలో తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా నశించాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికి తెలుగు పత్రికల్లో రాబందులు క్రమం తప్పకుండా కనిపిస్తున్నది వడ్డీ వ్యాపారుల వార్తల్లోనే.

వివాదాన్ని పందెంతో తేల్చుకోవచ్చని ఒకసారి ప్రయత్నం జరిగింది. జనాభా విస్ఫోటనంతో లోకం ఆకలి చావుల పాలవుతుందని 1968లో హెచ్చరించిన జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, మనిషి తెలివే అంతులేని వనరని వాదించిన ఆర్థికవేత్త జూలియన్ సైమన్ 1980లో రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్‌ల ధరల మీద వెయ్యి డాలర్లకు పందెం వేసుకున్నారు. పదేళ్లకు ధరలు తగ్గాయి, ఎర్లిక్ ఇంటి నుంచి 576 డాలర్ల 7 సెంట్ల చెక్కు వచ్చింది. మొదలుపెట్టే ఏడాది వేరైతే గెలుపు ఎర్లిక్ వైపు తిరిగేదని తరువాత లెక్కవేసినవారు చాలామందే. 1995లో ఎర్లిక్, వాతావరణ శాస్త్రవేత్త స్టీఫెన్ ష్నైడర్‌తో కలిసి ఈసారి భూతాపం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ వంటి పదిహేను అంశాల మీద పందానికి పిలిచాడు. మనుషుల బాగోగుల మీదైతే కాస్తాను గాని, గాలి లెక్కల మీద కాయనని సైమన్ తప్పుకున్నాడు. కార్బన్ డయాక్సైడ్ వరకైతే ఆ పందెం ఎర్లిక్ గెలిచేవాడే.