ఓర్లాక్ దొరవారి మీసవైభవం

అంధకార సామ్రాజ్య సార్వభౌములు, కొవ్వొత్తి కాంతి కల్పద్రుములు, నీలినీడల నిత్యోపాసకులు శ్రీమాన్ రాబర్ట్ ఎగర్స్ మహాశయులు 2024 డిసెంబరు 25న, లోకమంతా గుమ్మాలకు నక్షత్ర దీపాలు వేలాడదీసుకునే నాడే, తమ ‘నోస్‌ఫెరాటు’ను అమెరికా థియేటర్లలోకి వదిలి, దీపాల మీద తమకు గల అభిప్రాయాన్ని ఎంతో మర్యాదగా తెలియజేశారు. మన దేశానికి ఆ చిత్రరాజం విచ్చేసింది 2025 జనవరి 10న. సంక్రాంతి వారం. ‘గేమ్ ఛేంజర్’ వచ్చిందీ ఆ రోజే. ఆ సందట్లో దర్శనభాగ్యం దక్కని నేను, తర్వాత ఒక రాత్రి నిజామాబాదులో మా ఇంట్లోనే, బోధన్ నుంచి వచ్చిన మా చిన్నాయినను పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో ఆ వైభవాన్ని సేవించుకున్నాను.

ముందుగా ఆ చీకటి గురించి రెండు మాటలు. రెండు మాటలు చాలవు గానీ, కళ్ళకు కనిపించిన మేరకే చెప్పాలి కదా. 1922లో మూర్నౌ అనే జర్మన్ దర్శకుడు తీసిన మొదటి ‘నోస్‌ఫెరాటు’లో రాత్రి దృశ్యాలను పట్టపగలే చిత్రించి, ఫిల్ముకు నీలిరంగు అద్ది, ఇదే రాత్రి అనుకోండని ప్రేక్షకులను వేడుకున్నారు. పేదరికం! నూరేళ్ళ తర్వాత ఆ బాకీని వడ్డీతో సహా తీర్చిన ఔదార్యం ఎగర్స్ గారిది. ఇక్కడ పగళ్ళు సైతం రాత్రిలో పాలుపంచుకుంటాయి. మేము మొదట ట్యూబులైటు ఆర్పాం, తర్వాత కిటికీ పరదాలు లాగాం, ఆపై రిమోటుతో వెలుతురును చివరి గీత దాకా పెంచాం. అప్పుడు సాక్షాత్కారమైంది: టీవీ అద్దంలో నేను, మా చిన్నాయిన, వెనక గోడ మీది దేవుడి క్యాలెండరు. రక్తపిశాచి అద్దంలో కనిపించడని 1897లోనే బ్రామ్ స్టోకర్ తన నవలలో రాశాడు. ఆ శాస్త్రవాక్యాన్ని ఇంత నిష్ఠగా పాటించి, ప్రేక్షకుడి ఇంటి టీవీనే అద్దంగా మార్చి, అందులో ప్రేక్షకుణ్ణి చూపి పిశాచాన్ని దాచిన దర్శకుడు మరొకడు పుట్టలేదు. “మనమే కనవడుతున్నం” అన్నాడు చిన్నాయిన, సినిమాలో తనకూ చోటు దక్కిందన్న సంతోషంతో.

ఇక కథానాయకులు, శవపేటికాధిశయన శీలురు, కార్పేథియన్ గిరిశిఖర గడీ నివాసులు ఓర్లాక్ దొరవారు. కౌంట్ అంటే మరీ పరాయిగా ఉంటుంది. గడిలో ఉండి, ఊళ్ళో వాళ్ళ నెత్తురు మీద బతికే ప్రభువును ఏమని పిలవాలో మా ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు. మూర్నౌ కాలంలో ఈ వేషం కట్టిన మాక్స్ ష్రెక్ బోడిగుండు, కొసదేలిన చెవులు, ఎలుక పళ్ళు, కొంకర్లు పోయిన వేళ్ళతో, తెర మీద కాసేపే కనబడి నూరేళ్ళు జనానికి నిద్ర లేకుండా చేశాడు. పాపం, మీసం లేదు. స్టోకర్ నవలలో ఉన్న ఆ మీసాన్ని మూర్నౌ గారు ఏ తొందరలో మరచారో గానీ, బిల్ స్కార్స్‌గార్డ్ గారి పైపెదవి మీద దాన్ని పునఃప్రతిష్ఠించి, ట్రాన్సిల్వేనియా ప్రభువన్నవాడికి ఆ రోజుల్లో మీసం ఉండి తీరాలని చరిత్రను గౌరవించిన మహనీయులు ఎగర్స్ గారు. ఫలితం చూడండి: భయపడదామని కూర్చున్నవాడికి చేతులు వాటంతటవే జోడింపబడతాయి. “పాత పట్వారీ లెక్కనే ఉన్నడు” అని చిన్నాయిన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. భయం స్థానంలో మర్యాదను నెలకొల్పడం సామాన్యుడికి సాధ్యమా!

దొరవారి ఊపిరి గురించి చెప్పకపోతే కృతఘ్నుణ్ణవుతాను. మూకీ కాలపు దొరకు గొంతే లేదు. ఈ లోటు పూడ్చడానికి స్కార్స్‌గార్డ్ గారు ఒపెరా గాయనిని ఆశ్రయించి, స్వరాన్ని పాతాళానికి దించే సాధన చేశారు. ఏనాడో అంతరించిపోయిన డేసియన్ భాషను పండితులు ఊహించి కూర్చగా దాన్నీ పలికారు. ఒక్కొక్క మాటకు ముందు ఒక దీర్ఘ శ్వాస, తర్వాత ఇంకొకటి. మాట ముగిసేలోపు వినేవాడు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని రావచ్చు. నేను వెళ్ళాను, వచ్చాను, దొరవారు ఇంకా క్రియాపదం దగ్గరికి చేరలేదు. వ్యవధి 132 నిమిషాలన్నది ఇందుకే. అదీ చాలదని ఇంట్లో చూసుకునే భక్తుల కోసం మరో 4 నిమిషాలు కలిపి విడిగా ఒక ప్రతి కూడా అనుగ్రహించారు. దాతృత్వానికి హద్దులేదు.

కథానాయిక ఎల్లెన్ పాత్రధారిణి లిలీ రోజ్ డెప్ గారి పూనకం మరో మహత్తర ఘట్టం. మా శివసత్తులకు బోనాల నాడు కాసేపే ఒళ్ళు తూలుతుంది, ఆ కాసేపట్లోనే భవిష్యవాణి కూడా చెప్పి దిగిపోతారు. ఈవిడ ఏమీ చెప్పవలసిన పని పెట్టుకోకుండా, వెన్ను విల్లులా వంచి, కనుగుడ్లు పైకి తిప్పి, మొదటి దృశ్యం నుంచే శిఖరాన్ని అందుకుని ఆపై ఎక్కవలసిన మెట్టు ఒక్కటీ మిగల్చలేదు. “గామెకు జెర్ర యాపాకు కొట్టుండ్రి” అన్నాడు చిన్నాయిన. ఈ సినిమాకు నేను విన్న సమీక్షల్లో వైద్యపరంగా అంతకన్నా సమగ్రమైనది లేదు.

వేపాకు లేని ఆ దేశంలో ఆ పని విలెమ్ డఫో గారు చూసుకున్నారు. 2000లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద వాంపైర్’లో ఇదే మాక్స్ ష్రెక్ పాత్ర ధరించి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన ఆ మహానటుడికి ఇక్కడ పిశాచశాస్త్ర పండితుడి ఉద్యోగం దొరికింది. మనం ఇప్పుడే చూసినదాన్ని ఆయన వెంటనే వివరిస్తారు. మూర్నౌ కాలంలో ఆ సదుపాయం లేక జనం తమంతట తాము భయపడవలసి వచ్చేది.

ఇక్కడ మా బోధన్ వాడికి మాత్రమే అర్థమయ్యే ఒక సాంకేతిక విశేషం ఉంది. చెరుకు మిల్లులో గడను ఒక్కసారి నలిపి వదలరు. మొదటి రోలర్ల మధ్య అసలు రసం దిగుతుంది. బయటికి వచ్చిన పిప్పిని రెండో జత రోలర్లకు, తర్వాత మూడో జతకు పంపుతూ, చివరికి దాని మీద నీళ్ళు చల్లి మరీ పిండుతారు. 1922లో మూర్నౌ పిండాడు. 1979లో వెర్నర్ హెర్జోగ్, క్లాస్ కిన్‌స్కీని పెట్టి మళ్ళీ పిండాడు. ఆ పిప్పి మీద ఎగర్స్ గారు ఎంత శ్రద్ధగా, ఎంత ఖరీదైన నీళ్ళు చల్లారో చూడవలసిందే: చేత్తో కుట్టిన దుస్తులు, ప్రాగ్ స్టూడియోలో కట్టిన వీధులు, 1838 నాటి మేజోళ్ళు, వేలకొద్దీ బతికున్న ఎలుకలు. (ఎలుకలను చూసి చిన్నాయిన చలించలేదు, చెరుకు తోటలో పందికొక్కులతో ముప్పై ఏళ్ళు వ్యవహరించిన మనిషి.) ఛాయాగ్రహణం, కళ, దుస్తులు, మేకప్ విభాగాల్లో నాలుగు ఆస్కార్ నామినేషన్లు రానే వచ్చాయి. కథ, నటన, దర్శకత్వాల ఏకాంతానికి భంగం కలిగించడం ఇష్టంలేక వాటి జోలికి ఆస్కార్ వారు వెళ్ళలేదు.

పాత చిత్రానికి ఒక్క అపఖ్యాతి ఉంది. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్, తమ నవలను అడగకుండా వాడుకున్నారని కోర్టుకెక్కితే, 1925లో ప్రతులన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. తీసిన ప్రానా కంపెనీ అప్పటికే దివాలా. అయినా ఆ దొంగ సినిమా ఎక్కడెక్కడో దాక్కుని బతికి బయటపడింది. కొత్త చిత్రం అలాంటి అల్లరిచిల్లర పుట్టుక పుట్టలేదు. దీన్ని తగలబెట్టాలన్నంత కోపం గానీ, దాచిపెట్టాలన్నంత ఆత్రం గానీ ఎవరికీ కలగకుండా పెంచారు. అమెరికాలో థియేటర్ల వారు శవపేటిక ఆకారంలో పాప్‌కార్న్ డబ్బాలు అమ్మి, చనిపోవడంలో ఉన్న కరకరను కూడా ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు.

ఎగర్స్ గారు పదిహేడేళ్ళ వయసులో ఈ కథను బడి నాటకంగా వేశారు, సినిమాగా తీస్తానని 2015లో ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరు 23నే, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరున్న మా బోధన్ శక్కర్‌నగర్ చక్కెర మిల్లుకు తాళం పడింది. పాతదాన్ని మళ్ళీ నిలబెడతామన్న వాగ్దానాలు అక్కడా ఇక్కడా ఒకే ఏడాది మొలకెత్తడం విధివిలాసం. తొమ్మిదేళ్ళలో వారు తీసి చూపించారు. మా పెద్దలు అంతకన్నా నాణ్యతావాదులు. ప్రతి ఎన్నికకూ కొత్త పోస్టరు విడుదల చేస్తూ, సినిమాను మాత్రం తొందరపడి పాడుచేయకుండా కాపాడుతున్నారు.

మిల్లు నడిచిన రోజుల్లో మా చిన్నాయిన చెరుకు బండితో కాంటా ముందు వరుసలో రాత్రంతా రెప్ప వేయకుండా కూర్చునేవాడు. మాఘమాసం చలి, దోమలు, ముందు యాభై బండ్లు. కునుకు తీస్తే వరుస పోతుంది. అంతటి జాగరణశీలిని దొరవారు గంటన్నరలో నిద్రపుచ్చారు. తెర మీద ఓర్లాక్ ప్రభువుల దీర్ఘశ్వాస, సోఫాలో చిన్నాయిన గురక, రెండూ ఒకే శ్రుతిలో కలిసి ఏది ఎవరిదో తెలియని అద్వైతస్థితిలో మిగతా కథ గడిచింది. తెల్లవారే దాకా ఎల్లెన్ దొరను తన మంచం మీద ఆపింది, ఎండ పడింది, దొరవారు నోటా కంటా నెత్తురు కార్చుకుని కడతేరారు. సినిమా మొత్తంలో మొదటిసారి గదిలోకి కాస్త వెలుతురు వచ్చింది. ఆ వెలుతురు మొహాన పడి చిన్నాయిన లేచాడు.

“దొర సచ్చిండా?”

“సచ్చిండు చిన్నాయినా.”

“ఇగ లైటెయ్యి బిడ్డా.”