సిలా కాక

ఊరి పేరు మనిషికి అంటుకొనుట లోకమున క్రొత్త కాదు గాని, పుట్టిన ఊరిని ప్రక్కకు నెట్టి, లారీ ఆపుకొని పడిగాపులు పడిన ఊరి పేరే ఇంటిపేరై కూర్చుండుట మా జగిత్యాల సీమయందే కాననగును. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అను మూడింటిలో ఏదో యొకదానికి పోక తప్పని చోట, మస్కట్ మామ, బహ్రెయిన్ బావ, కువైట్ పెదనాయిన అని చుట్టరికములు ఏనాడో స్థిరపడినవి. రేవులును రాజధానులును ముందు పోయినవారు పంచుకొనిపోగా, మా కాకకు మిగిలినది సిలా. ఆయన సిలా కాక.

సిలా యనునది అబుదాబికి పడమట సుమారు 350 కిలోమీటర్ల దూరమున సౌదీ పొలిమేరకు చేరువగా నున్న చిన్న పట్టణము. అది దాటిన ఘువైఫాత్, ఎమిరేట్సు వారి గేటు. ఆవల బత్హా, సౌదీ వారి గేటు. ఆపైన హరద్ దనుక ఇసుకయే. ఈ పేర్లు తొలుత వినినపుడు మా వాడకట్టు వారు కడుపు పట్టుకొని నవ్విరి. కాని ఆ బత్హా వారే మన ఉమ్మడి ఆదిలాబాదు పటమును ముందు వేసికొని కూర్చుండినచో వారి నవ్వునకు అడ్డెవ్వరు? పేరు వినగనే పాలును పేడయు జ్ఞప్తికి తెచ్చు భైంసా మనదే. మహారాష్ట్ర పొలిమేరను కాచుచు నిలిచియు, పేరు మాత్రము బేల యని పెట్టుకొన్న మండలము మనదే. అప్పు పుట్టని దినమున ఇచ్చోడ మీదుగా పోవుచు ఆ పలకను చదివి నిట్టూర్చని రైతు ఉండడు. సిర్పూరు కాగితపు మిల్లు పుణ్యమా యని కొత్తపేట కాస్త కాగజ్‌నగర్ అయ్యెను గదా, ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మరల తెరువబడు దాక ఆ పట్టణము తన పేరును ఏ ముఖము పెట్టుకొని మోసినదో! ఎలగందుల కిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరిట వెలసిన కరీంనగరమునకు మాత్రము ఈ చిక్కు లేదు. అరబ్బులు కూడ కొన్ని ఊళ్లకు బంధుత్వము కలిపి, ఒకదానిని అబూ యని తండ్రిని, వేరొకదానిని ఉమ్ అని తల్లిని చేసిరి. ఖతార్ పొలిమేరలో అబూ సమ్రా, దుబాయికి ఉత్తరమున ఉమ్ అల్ కువైన్. మామలును కాకలును వారికి తట్టలేదు. ఆ లోటు మా జగిత్యాల వారు తీర్చిరి.

కాక నిర్మల్ వద్ద మహబూబ్ ఘాటులో లారీ నేర్చినవాడు. నాలుగు వరుసల రహదారి రాకమునుపు ఆ ఘాటులో ఎదుటి బండి కొమ్ము విని మలుపు తీయగలిగినవాడే డ్రైవరు, తక్కినవారెల్లరు క్లీనర్లు. అట్టివానిని కొనిపోయి హరద్–బత్హా రహదారిపై విడిచిరి. 240 కిలోమీటర్లు మలుపన్నది లేక సాగుటచే గిన్నిస్ పుస్తకమున కెక్కిన బాట యది.

“గంత సక్కటి తొవ్వల నడుపుడంటె సుఖమే గద కాకా?” అని యడిగితిని.

“ఏం సుఖం బిడ్డా! స్టీరింగు తిప్పుడే లేకపాయె. మలుపులుంటె కండ్లు తెరిశి ఉంటయి. గాడ ఒంటె అడ్డమొస్తెనే పానం లేశొచ్చేది” అనెను.

గేటు కడ కాపురము వేరొక కథ. 2009 వేసవిలో సౌదీ వైపున తనిఖీలు బిగియగా, ఘువైఫాత్ వద్ద వేలాది లారీలు కిలోమీటర్ల కొలది వరుసకట్టి దినముల తరబడి నిలిచిపోయిన సంగతి పత్రికల కెక్కినది. అట్టి నిరీక్షణలలో ట్రెయిలరు నీడయే ఇల్లు, ప్రక్కనున్న పనిముట్ల పెట్టెయే వంటగది. మలయాళీ చాయ్, పఠాను రొట్టె, నిప్పుతో పనిలేని కారణమున మా కాక ఎన్నుకొన్న పచ్చిపులుసు, మూడును ఒకే నీడలో వడ్డింపబడెడివి. గడియారము గోల మరియొకటి. సౌదీలో వేళ ఎమిరేట్సు కంటె గంట వెనుక. “పోయేటప్పుడు గంట ఇస్తరు, వచ్చేటప్పుడు గుంజుకుంటరు, జీతం మాత్రం దేనికీ ఇయ్యరు” అని కాక ఆ లెక్క తేల్చెను. ఇంటినుండి తెచ్చు సామానులో గసాలు చూచిన మత్తుపదార్థమని పట్టుకొందురు గాన, చిన్నమ్మ అవి మాని సకినాలు కట్టెడిది. ఆ చుట్లను తనిఖీవాడు ఒక్కొక్కటే విరిచి చూచి, నాల్గవదానిని నోట వేసికొని, సంచి మొత్తము వదలివేసెనట.

పొలిమేర గోల మనకును లేకపోలేదు. మన కెరమెరి మండలపు పరందోళి, అంతాపూర్ మొదలగు ఊళ్లను నేనెరుగుదును. తెలంగాణ, మహారాష్ట్రలు రెండును తమవే యనుటచే అచ్చటివారికి ఓట్లు రెండు, రేషను కార్డులు రెండు, సర్పంచులు ఇద్దరు. ఈ మాట వినిన కాక, ఘువైఫాత్ గేటునకును బత్హా గేటునకును నడుమ తాను ఏ సర్కారు లేక ఒక రాత్రి గడిపితిననియు, పరందోళి వారి అదనపు సర్కారును అటు పంపవచ్చు ననియు సలహా యిచ్చెను.

ఆయనకు పోటీ, ఖతార్‌కు ఎదురుగా సౌదీ వారి గేటైన సల్వా పేరు మోసిన సల్వా మామ యొక్కడే. దమ్మాము నుండి దోహాకు సరకు తోలినవాడు. 2017 జూన్‌లో ఖతార్ పొలిమేర సరకు లారీలకు మూతపడి 2021 జనవరి దాక తెరువబడకుండుటచే, అన్నాళ్లును కాక వేపచెట్టు గద్దెపై కాలు మీద కాలు వేసికొని, “బావా, నీ ఇంటిపేరుకు తాళం పడ్డదట గద!” అని పలుకరించుచుండెను.

మొన్న ఓటర్ల జాబితా సవరించుటకు వచ్చిన ఉద్యోగి ఇంటిపేరు అడుగగా, చిన్నమ్మ అలవాటు చొప్పున “సిలోళ్లం సారూ” అన్నది. అతడు “శీలం” అని వ్రాసికొని పోయెను. అచ్చైన జాబితా చదివి వినిపించి, తప్పు దిద్దించుటకు దరఖాస్తు వ్రాయుదునా యని నేనడిగితిని.

కాక కాగితమును వెనుకకు ముందునకు త్రిప్పి, “ఉండనియ్యి బిడ్డా,” అనెను. “సల్వా బావకు ఏమని రాశిండ్రో ముందుగాల జూడు.”