తీగ లాగకండి, డొంక కదులుతుంది

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారన్న సామెతను ఇక పాఠ్యపుస్తకాల్లోంచి తీసేయడం మంచిది. అడవి అంచు ఊళ్లలో గొయ్యి తీసినవాడు దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంటున్నాడు. పడేవాళ్లు వేరే ఉన్నారు. పక్క చేను రైతు, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు, చెంబు పట్టుకుని చీకట్లో బయల్దేరిన ముసలమ్మ, కుక్క, పాడిగేదె, పులి. ఎవరి కోసం ఇంత ఏర్పాటు జరిగిందో ఆ అడవిపంది మాత్రం మక్కచేనులో విందు ముగించుకుని తెల్లారకముందే పిల్లలతో సహా వెళ్లిపోతోంది.

చిన్నయసూరి నీతిచంద్రికలో ఒక వేటగాడు ఉన్నాడు. నూకలు చల్లాడు, వల పన్నాడు, ఓ పక్కన దాక్కుని కాచుకున్నాడు. చిత్రగ్రీవుడి పావురాలు వలతో సహా ఎగిరిపోతే పాపం వెంటబడి పరిగెత్తాడు కూడా. ఎంత చేతకానివాడైనా తన వలలో ఎవరు పడ్డారో తన కళ్లతో చూసుకున్నాడు. నేటి వేటగాడికి అంత తీరిక లేదు. వేటను తీగ ఉచ్చుకు కాంట్రాక్టుకిచ్చి టీవీ ముందు కూర్చుంటున్నాడు. తిన్నడు శివుడికి పందిమాంసం పెట్టాడు, కన్నూ ఇచ్చాడు. మనవాడు మాంసం పట్నం నుంచి కారులో వచ్చే బంధువులకు పెడతాడు. కన్ను ఇవ్వడు, మూసుకుంటాడు.

మొన్న బండి పంక్చరు వేయించుకుంటూ ఓ మండల కేంద్రంలో మెకానిక్ షెడ్డు ముందు కూర్చున్నాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు వచ్చాడు.

"అన్నా, పాత క్లచ్ తీగలున్నయా?"

"ఏ బండికిరా?"

"బండికి కాదన్నా."

మెకానిక్ ఇంకేమీ అడగలేదు. గోడ మేకుకు వేలాడుతున్న జిడ్డు తీగల్లోంచి నాలుగు లాగి, పాత పేపరులో చుట్టి ఇచ్చాడు. రెండు చాయల డబ్బులు చేతులు మారాయి. ఈ దేశంలో తుపాకీ కొనాలంటే లైసెన్సు, పోలీసు విచారణ, పెద్దసారు సంతకం. పులిని చంపే సరంజామాకు మాత్రం పాత పేపరు ముక్క చాలు.

పులి అని ఊరికే అనలేదు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదు. వేరే అడవుల నుంచి తెచ్చి, ఒక ఆడపులినైతే కన్హా నుంచి హెలికాప్టరులో దించి, ఏళ్ల తరబడి కాపలా కాసి మళ్లీ సంతతిని పెంచారు. అదే పన్నా ప్రాంతంలో 2022 డిసెంబరులో ఒక పులి చెట్టుకు వేలాడుతూ కనిపించింది, అచ్చం ఉరేసుకున్నట్టు. దాని మెడకు బిగిసింది క్లచ్ తీగ. ప్రాణం పోయడానికి హెలికాప్టరు రావాల్సి వచ్చింది, తీయడానికి మోటారు సైకిల్లో ఒక ముక్క సరిపోయింది.

మన దగ్గరికే వద్దాం. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించాం. తడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో చోటు చాలని పులులు మహారాష్ట్ర దాటి మన ఆసిఫాబాద్ వైపు వస్తాయి. అతిథి వస్తుంటే గుమ్మానికి తోరణం కడతాం కదా, మనమూ కట్టాం. కాకపోతే మోకాలెత్తున కట్టాం, మామిడాకులు మరిచిపోయాం.

"పందికి పెడితే పులి పడింది సార్, మేమేం చేస్తం?" అంటారు దొరికినవాళ్లు. నిజమే, పాపం తీగకు చదువు రాదు. చిరుత నడుముకు బిగిసినప్పుడు అది గింజుకునే కొద్దీ ఇంకా బిగుస్తుంది. తోలు తెగి, కండ తెగి, రాత్రంతా అరిచి అరిచి గొంతు పోయాక తెల్లారి జనం పోగవుతారు. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. మత్తు తూటా వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. విడిపించాక కూడా ఆ పెనుగులాటకు కండరాలు పాడైపోయి రెండు మూడు రోజుల్లో చచ్చిపోయే జంతువులుంటాయి. అప్పటికి వీడియో వైరల్ అయిపోయి ఉంటుంది కనుక ఆ చావు ఎవరి లెక్కలోకీ రాదు.

క్లచ్ తీగ పాతపద్ధతి అనుకునే అభ్యుదయవాదులకు కరెంటు ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిపూట దానికి ఖాళీ ఎందుకని కొందరు దానికో ఉద్యోగం చూపించారు. మీద లైనుకు కొండి, కింద చేను చుట్టూ బైండింగ్ వైరు. బజారులో అమ్మే సోలార్ కంచె క్షణానికోసారి ఝల్లుమనిపించి వదిలేస్తుంది, పంది బెదిరి పోతుంది. లైను కరెంటుకు వదిలే అలవాటు లేదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో గ్రేహౌండ్స్ జవాను ఒకరు ఇలాంటి తీగ తగిలే చనిపోయాడు. మందుపాతరలను పసిగట్టేలా తర్ఫీదైన దళం వాళ్లది. పందుల కోసం పెట్టిన పాతర గురించి ఆ శిక్షణలో పాఠం లేనట్టుంది.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 1972 వన్యప్రాణి చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. ఉచ్చులో జంతువు పడక్కర్లేదు, ఉచ్చు పెట్టే ప్రయత్నం కూడా వేట కిందికే వస్తుంది. 2022 సవరణలో జరిమానాను పాతికవేల నుంచి లక్షకు పెంచారు. కరెంటు దొంగతనానికి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ వేరే ఉంది. ఇన్ని సెక్షన్లకూ దొరకని ఘనుడు ఒక్కడే, ఎఫ్ఐఆర్‌లో "గుర్తుతెలియని వ్యక్తి". ఊరంతటికీ గుర్తున్నవాడు స్టేషను మెట్లెక్కగానే గుర్తుతెలియనివాడైపోతాడు.

రైతును వెక్కిరించి చేతులు దులుపుకునే ఉద్దేశం నాకు లేదు. ఇరవై పందుల మంద ఒక్క రాత్రిలో ఎకరం మక్క పడగొడితే ఆ తెల్లవారి చేను గట్టున కూర్చున్న మనిషి మొహం నేను చూశాను. మంచె కట్టాడు, డబ్బాలు కొట్టాడు, పాత చీరలు కట్టాడు, మంగలిషాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాడు. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేయమంటే వేశాడు. పరిహారం దరఖాస్తుకు ఫొటోలు, పహాణీ జిరాక్సు జతచేసి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆఫీసు అతన్ని తిప్పినంతకాలం ఏ ఉచ్చూ కనిపించలేదు. అతను విసిగి తీగ కట్టిన మర్నాడు మాత్రం జీపు వచ్చింది. ఆ ఆఫీసు కుర్చీకి ఏ సెక్షనో ఎవరైనా చెబితే రాసుకుంటాను.

కానీ పంది మీద కోపం పక్కచేను మనిషి మీద తీరినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. ముందు తెల్లారేలోగా తీగ చుట్టేస్తారు. తర్వాత శవం ఎవరి చేలో దొరకాలన్నది తేలుస్తారు. ఆ పైన వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చుంటారు. "పోయినోడు ఎట్లాగూ పోయిండు, ఉన్నోళ్ల సంగతి చూడాలె గదా" అన్న మాటతో బేరం మొదలవుతుంది. పాడిగేదె అయితే పాలు లెక్కగట్టి ధర తొందరగా తెగుతుంది. మనిషైతే కొంచెం ఆలస్యం, పిల్లల సంఖ్య అడగాలి కదా. కాగితం మీద గుండెపోటు అని రాస్తారు. తీగ లాగితే డొంకంతా కదులుతుందని మన పెద్దలకు బాగా తెలుసు. ఆ డొంకలో మెకానిక్కున్నాడు, కొండి చూసీ చూడనట్టు పోయినవాడున్నాడు, ఆదివారం కూర తిన్నవాళ్లున్నారు, బేరం కుదిర్చినవాళ్లున్నారు. అందుకే ఎవరూ లాగరు.

తీగ పెట్టినాయనకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. పొద్దుగూకి కొండి తగిలించాక ఆయన చేసే మొదటి పని కొడుక్కి ఫోను.

"ఇయ్యాల రాత్రి చేను దిక్కు రాకురా. మోటరు నేను జూస్కుంటా. తమ్ముడికి గూడ చెప్పు."

తమ్ముడికి చెప్పారు, బావమరిదికి చెప్పారు, పాలేరుకు చెప్పారు, కుక్కను గొలుసుతో కట్టేశారు. పక్కచేను వాళ్ల నంబరు ఆయన ఫోనులో లేదు.