ఇంటర్వ్యూ పిల్లాడిది, తయారీ మనది

సింగపూర్‌లో ఏ-లెవెల్ ఫలితాలు ఫిబ్రవరి చివర్లో వస్తాయి. ఆ సాయంత్రానికల్లా పుంగోల్ నుంచి జూరాంగ్ దాకా తెలుగు వాట్సాప్ గ్రూపుల నిండా పూలగుత్తులు, లడ్డూలు, దండం పెట్టే చేతులు. కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండును! మన రోజుల్లో అంతే కదా. ఎంసెట్ ర్యాంకు పేపర్లో పడేది, కౌన్సెలింగ్‌కి పిలిచేవారు, ర్యాంకుని బట్టి సీటు చేతిలో పెట్టేవారు. "డాక్టరువి ఎందుకవుదామనుకుంటున్నావు బాబూ?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇక్కడ మాత్రం మూడు 'ఏ'లు తెచ్చుకున్న పిల్లాణ్ణి మళ్లీ ఓ గదిలో కూర్చోబెట్టి మాట్లాడించి చూస్తారు.

ఎందుకంటే మూడు 'ఏ'లు అందరికీ ఉన్నాయి. ఇక్కడి నేషనల్ యూనివర్సిటీ, అదే ఎన్‌యూఎస్‌లో ఏ కోర్సుకి ఎలాంటి మార్కులవాళ్లు చేరారో ఏటా పట్టిక ప్రకటిస్తారు. మెడిసిన్, లా వరసల్లో అడుగునుంచి పది శాతం దగ్గర గీసిన గీత మీద కూడా మూడు 'ఏ'లే. ఇక వాళ్లయినా ఏం చూసి ఏరుకుంటారు పాపం? 2026 ప్రవేశాల నుంచి అడ్మిషన్ స్కోరుని 90 నుంచి 70కి కుదించారు కూడా. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికట. ఫరవాలేదు, తగ్గిన ఒత్తిడిని భర్తీ చెయ్యడానికి మనం లేమూ?

మొట్టమొదట ధైర్యం తెచ్చుకోండి. ఇంటర్వ్యూ మనకి కొత్తేమీ కాదు. 2008లో హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ తెరిచేదాకా చెన్నై వెళ్లి, తెల్లారకముందే వీసా క్యూలో నిలబడ్డవాళ్లం. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక నూట ఎనిమిది పూర్తిచేసినవాళ్లం. ఆ కిటికీ ముందు నేర్చుకున్నవి ఎక్కడైనా చెల్లుతాయి. అడిగిందానికే జవాబు. ఒక్క ముక్క ఎక్కువ వద్దు. ఆలోచిస్తున్నట్టు కనబడొద్దు, అనుమానమొస్తుంది. ముందొకటి చెప్పి తర్వాత ఇంకోటి చెప్పావా, పని అయిపోయినట్టే. అడిగినా అడక్కపోయినా కాగితాలన్నీ దగ్గరుండాలి.

కాబట్టి ముస్తఫా షాపుకి వెళ్లి ప్లాస్టిక్ కవర్లున్న లావుపాటి ఫైలు కొనండి. పియానో గ్రేడ్ ఎయిట్, మ్యాథ్స్ ఒలింపియాడ్, కరాటే, ఉగాది వేడుకల్లో వేసిన శ్రీకృష్ణుడి వేషం, వృద్ధాశ్రమంలో సేవ చేసినందుకు ఇచ్చిన పత్రం (చేసింది రెండు శనివారాలే అయినా పత్రం పత్రమే). మెడికల్ ఇంటర్వ్యూల్లో ఆ గదిలో కూర్చున్నాయనకి మామూలుగా పిల్లాడి మార్కులు కూడా చెప్పరనీ, వాటి ప్రభావం పడకూడదనే అలా పెట్టారనీ కొందరంటారు. అయినా ఫైలు ఒళ్లో ఉంటే ఆ బరువే వేరు.

తర్వాత మాక్ ఇంటర్వ్యూ. 2023 సర్వే లెక్కల్లో సింగపూర్ కుటుంబాలు ఏడాదికి ట్యూషన్ల మీద పెట్టిన ఖర్చు 180 కోట్ల సింగపూర్ డాలర్లని తేలింది. ఇంటర్వ్యూ కోచింగ్‌కి కూడా అలా పోసేకన్నా ఇంట్లోనే నడిపించుకోవచ్చు. తంపినీస్‌లో ఒకరింట్లో జరిగినదాన్ని ఆదర్శంగా తీసుకోండి. డైనింగ్ టేబుల్‌కి అవతల ప్రొఫెసర్ స్థానంలో నాన్న, ఆఫీసు కార్డు ఇంకా మెళ్లోనే ఉంది. పక్కన ప్యానెల్ మెంబరుగా ఎదురు బ్లాకు అంకుల్, బ్యాంకులో ఐటీ. పరిశీలకురాలు అమ్మ, వంటింట్లోంచి.

"వై మెడిసిన్?"

"మా బ్లాకు కింద దోమల్ని వదలడం చూశా. అప్పట్నించి నాకు..."

"ఆగాగు. నాయనమ్మేదీ?"

"నాయనమ్మకేమైంది?"

"అదేరా, తెనాల్లో నాయనమ్మకి గుండెపోటొచ్చినప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నావు కదా, అప్పుడే డాక్టరు కావాలనుకున్నావు."

"నేనిక్కడే ఉన్నా కదా నాన్నా, పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలప్పుడు."

"వీడియో కాల్లో పట్టుకున్నావు."

వంటింట్లోంచి: "గుండెపోటు కాదండీ, గ్యాసు."

వివరాల్లో తేడాలుంటే సర్దుకోవచ్చు. నాయనమ్మ మాత్రం తప్పనిసరి. అమ్మమ్మయినా ఫరవాలేదు. ఆ పూట ప్రొఫెసర్ దగ్గరకి ఇప్పటికే ఎంతమంది నాయనమ్మలు వచ్చి వెళ్లారో మనకెందుకు, మన నాయనమ్మ మనది.

ఇక ఆ దోమల గొడవ. డెంగీ తగ్గించడానికి సింగపూర్ ప్రభుత్వం 2016 నుంచి వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించిన మగదోమల్ని ఇళ్ల మధ్య వదులుతోంది. మగదోమ కుట్టదు. దానితో జతకట్టిన ఆడదోమ గుడ్లు పొదగవు. ఈ కుర్రాడు పన్నెండేళ్లప్పుడు లిఫ్టు దగ్గర ఓ ఉద్యోగి డబ్బా మూత తీసి దోమల్ని వదలడం చూసి, "దోమలు పోవడానికి దోమల్ని వదులుతారేంటంకుల్?" అని వెంటపడ్డాడట. ఆ రాత్రే కూర్చుని చదివాడట. ఆడదోమలు పొరపాటున కలిస్తే ఏమవుతుందని ఇప్పటికీ బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాడు. ఇలాంటివి గదిలో బయటపడ్డాయంటే ప్రమాదం. ప్రొఫెసర్ ముందుకు వంగి ఇంకో ప్రశ్న వేస్తాడు. దానికి జవాబు మన కాగితంలో ఉండదు. ప్యానెల్ మెంబరు అంకుల్ ఒక్క మాటలో తేల్చేశారు: "దోమల గురించి మాట్లాడేవాడికి డాక్టరు సీటెవడిస్తాడు?"

మెడిసిన్‌లో ఇంకో తిరకాసుంది. ఎన్‌టీయూ వారి లీ కాంగ్ చియాన్ మెడికల్ స్కూల్లో ఒక్క ఇంటర్వ్యూ కాదు, చిన్నచిన్నవి వరసగా ఉంటాయి. ఎమ్‌ఎమ్‌ఐ అంటారు. తలుపు బయట ప్రశ్న చదువుకోవాలి, గంట కొడితే లోపలికి, మళ్లీ కొడితే ఇంకో గదికి, అక్కడ ఇంకో మనిషి. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఈ శతాబ్దం మొదట్లో కనిపెట్టిన పద్ధతి. ఒకే ఒక్కరు అరగంట మాట్లాడి మార్కులేస్తే ఆయన ఇష్టాయిష్టాలే తీర్పయిపోతాయి, అదే చాలామంది విడివిడిగా చూస్తే ఆ దోషం పలచబడుతుందని వాళ్ల వాదం. ఒక గదిలో తడబడ్డా పక్కగదిలో కొత్తగా మొదలుపెట్టొచ్చు. పిల్లాడికిది మేలే కానీ మనకే తలనొప్పి. ఒక్క స్క్రిప్టు సరిపోదు.

సరిపోయేలా చెయ్యొచ్చు. వైద్యనీతికి నాలుగు సూత్రాలున్నాయి. 1979లో బ్యూచాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు రాసిన పుస్తకం పుణ్యాన లోకమంతా పాకాయి: రోగి ఇష్టం, రోగికి మేలు, రోగికి కీడు చెయ్యకపోవడం, న్యాయం. వీటిని ఇంగ్లీషులో కంఠతా పట్టించండి. ఏ పూజకైనా ముందు శుక్లాంబరధరం చదివినట్టు ఏ గదిలోనైనా ముందు ఈ నాలుగూ చదివెయ్యాలి. ఏదో ఒక గదిలో ప్రశ్న అడిగేవారు కాక ఓ నటి ఉండొచ్చు. ఆవిడది పక్కింటావిడ పాత్ర. కారు వెనక్కి తీస్తూ మీరు ఆవిడ పిల్లిని తొక్కేశారు. ఆ సంగతి మీరే చెప్పాలి. విని ఆవిడ ఏడుస్తుంది. కొందరు పిల్లలు ఇలాంటప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "సారీ ఆంటీ, దాని పేరేంటి?" అని అడిగి ఊరుకుంటారు. టైము వృథా. మనవాడు మాత్రం ఆటానమీ దగ్గర మొదలుపెట్టి జస్టిస్ దాకా వెళ్లాలి. మధ్యలో గంట కొడితే మిగతాది తలుపు దగ్గర చెప్పెయ్యొచ్చు.

అభిప్రాయాల జోలికి మాత్రం వద్దు. సింగపూర్‌లో అవయవ మార్పిడి చట్టం 1987 నాటిది. వద్దని ముందే రాసివ్వకపోతే, చనిపోయాక అవయవాలు తీసుకోవడానికి ఒప్పుకున్నట్టే లెక్క. ఇది సబబేనా అని అడగొచ్చు. "రెండువైపులా న్యాయం ఉంది" అనాలి. మరి నువ్వేమంటావు అని గుచ్చితే అదే మాట కాస్త నెమ్మదిగా, గంభీరంగా అనాలి. ఇదిగో నా మొగ్గు ఇటు, ఇదీ కారణం, ఫలానా పరిస్థితిలో అయితే మార్చుకుంటాను అని చెప్పే పిల్లలున్నారు. వాళ్ల తల్లిదండ్రులు వాళ్లకి వీసా ఇంటర్వ్యూల గురించి చెప్పలేదన్నమాట.

ఎన్‌యూఎస్ డెంటల్‌కి వెళ్లేవాళ్లకి చేతి నైపుణ్యం పరీక్ష కూడా ఉంటుంది. ఇక్కడ నా సలహాలు కొంచెం నీరసపడతాయని ఒప్పుకోవాలి. ఆత్రేయపురం పూతరేకు చిరక్కుండా మడిచిన చేతులైతే నెగ్గుకొస్తాయి. కానీ "నువ్వు చదువుకో నాన్నా" అంటూ పద్దెనిమిదేళ్లు మనవాడి చేత కాకరకాయ కూడా తరిగించలేదు. కాకరకాయలు కొనండి, వారం రోజుల టైముంది.

ఎస్‌ఎమ్‌యూ యూనివర్సిటీలో పిల్లల్ని గుంపుగా కూర్చోబెట్టి చర్చ పెడతారు. ముందు మాట్లాడినవాడిదే సీటు. పక్కమ్మాయి ఏదో చెప్పబోతుంటే "ఐ అగ్రీ, బట్" అని అందుకోవాలి. ఆ అమ్మాయి మాట పూర్తయ్యేదాకా ఆగి, "తను చెప్పిందాంట్లో నాకు తట్టనిది ఒకటుంది" అన్నవాడికి మంచి మార్కులు పడ్డాయని పుకారుంది కానీ పుకార్లు నమ్మకూడదు.

ఆక్స్‌ఫర్డ్ ఆశ ఉన్నవాళ్లకి మహా సౌఖ్యం. 2020 నుంచి అక్కడి ఇంటర్వ్యూలు డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. వాళ్లకి మధ్యాహ్నం రెండయితే మనకి రాత్రి పది. అంటే మీరు ఇంట్లోనే ఉంటారు. తలుపు సందులోంచి వినొచ్చు, గొంతు సవరించి సైగ చెయ్యొచ్చు. అక్కడి చదువే ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని కూర్చోబెట్టుకుని వాదించే పద్ధతిలో సాగుతుంది కాబట్టి, ఈ కుర్రాడితో అలా వాదించగలమా లేదా అన్నదే వాళ్లు చూసుకుంటారు. లేడీబర్డ్ పురుగు ఎర్రన, స్ట్రాబెర్రీ ఎర్రన, ఎందుకు? ఇది వాళ్లు తామే బయటపెట్టిన నమూనా ప్రశ్న. పండు ఎరుపు నన్ను తిను అంటుంది, విత్తనాలు అలా ఊళ్లు తిరుగుతాయి. పురుగు ఎరుపు నన్ను తినకు, చేదు అంటుంది. అక్కడ మనవాడు ఆగి, "మరి మా ఊళ్లో తొలకరికి వచ్చే ఆరుద్ర పురుగూ ఎరుపే. కోళ్లు దాన్ని ముట్టుకుంటాయో లేదో నేనెప్పుడూ చూడలేదు. ఉండండి, పక్షికి రంగు తెలియకపోతే ఇదంతా తప్పవుతుంది కదా?" అని పైకే అనుకుంటూ పోయాడనుకోండి, మీ గుండె జారిపోతుంది. అవతల తెరమీద ఇద్దరూ నవ్వుతూ ఏదో రాసుకుంటుంటారు. వెంటనే దగ్గండి.

మాతృభాష సంగతి ముందే తేల్చుకోండి. సింగపూర్ బడుల్లో తమిళం కాక ఇంకో అయిదు భారతీయ భాషల్ని మాతృభాషగా చదువుకోవచ్చు: హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. అందుకని మనవాడు పన్నెండేళ్లు హిందీ మాతృభాషగా చదివాడు. కాగితం మీద మాతృభాష హిందీ, అమ్మతో గొడవపడేది తెలుగులో, అమ్మమ్మకి సగం అర్థమయ్యే తెలుగులో. ఒకమ్మాయి దీన్నే ఇంటర్వ్యూలో చెప్పుకొచ్చిందట. ఆస్పత్రిలో ముసలివాళ్లు డాక్టరు మాట అర్థంకాక తలూపే తీరు తనకి ఇంట్లోనే తెలుసని. ఇంటి గుట్టు బయటపెట్టడం కాకపోతే ఏమిటి! మీవాడికి మాత్రం "ఐ యామ్ ఫ్లుయెంట్ ఇన్ హిందీ" అని నేర్పండి. తిరిగి హిందీలో అడిగితే దేవుడే దిక్కు.

ఇంటర్వ్యూ రోజున కుటుంబమంతా వెళ్లాలి. బయటికి రాగానే, నీళ్లు తాగనివ్వకుండా, మొదటి ప్రశ్న నుంచి అడగండి. ఏమన్నారు, నువ్వేమన్నావు, అప్పుడు వాళ్ల మొహం ఎలా పెట్టారు. కెంట్ రిడ్జ్‌లో రైలెక్కి ఇంటికి చేరేలోగా ఏ జవాబు ఎలా చెప్పుండాల్సిందో సవరించి చెప్పండి.

సీటు రాకపోతే కారణాలకి కొదవలేదు. కోటా, యాస, ప్యానెల్లో కళ్లద్దాలావిడ, ఎదురు బ్లాకు అంకుల్ దిష్టి. సింగపూర్ పౌరుడో, తల్లిదండ్రుల ద్వారా పీఆర్ (శాశ్వత నివాసి) అయినవాడో అయితే ఎటూ రెండేళ్లు ఎన్‌ఎస్‌కి, అంటే సైనిక సేవకి వెళ్తాడు. అక్కణ్ణుంచి అవే మార్కులతో వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆదివారాలు ఇంటికొస్తాడు, టేబుల్ ఎక్కడికీ పోదు.

ఈలోగా చెల్లెలుంది కదా, ప్రైమరీ సిక్స్. డీఎస్‌ఏ అని, పన్నెండేళ్లకే ప్రతిభ చూసి సెకండరీ స్కూళ్లలో తీసుకుంటారు. మే నెలలో దరఖాస్తు, ఆ తర్వాత ఇంటర్వ్యూలు. "వై రోబోటిక్స్?" అని ఇవాళ్టినుంచే టిఫిన్ దగ్గర అడగడం మొదలుపెట్టండి. పాపకి రోబోటిక్స్ ఇష్టమో కాదో ఇంకా తెలీదంటారా? అది తేలేదాకా కూర్చుంటే గడువు దాటిపోతుంది.