'రెండొందలేగా' : టీకా తాత్పర్య సహితం

అవతారిక: కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి మనవాడే. ఆయన ఊరు ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆ రెండో నియమాన్ని కలం నుంచి జేబు దాకా సాగదీస్తే ఈ వ్యాఖ్యానానికి విషయం దొరుకుతుంది. ఇక్కడ వ్యాఖ్యానించబోయేది కావ్యం కాదు. కూకట్‌పల్లి హాస్టళ్ళలోనూ, గుంటూరు, విశాఖపట్నం ఇంజనీరింగు కాలేజీల గదుల్లోనూ రాత్రి పదకొండు ప్రాంతంలో వినబడే ఒక వాక్యం. కర్త అజ్ఞాతుడు. వక్త పక్కమంచం మిత్రుడు. శ్రోత చేతిలో ఫోను ఉన్నవాడు. కాలం నెల మొదటి వారం, అంటే ఇంటి నుంచి డబ్బు పడిన తాజా రోజులు. ఇరవయ్యో తేదీ దాటాక ఈ వాక్యానికి ప్రయోగం అరుదు. అప్పుడు వినబడేది 'ఒక అయిదొందలు సర్దరా' అనే వేరే వాక్యం. దాన్ని ఈ మూలానికి ఉత్తరభాగంగా చెప్పుకోవచ్చు.

మూలం: "రెండొందలేగా, ఆఫర్‌లో ఉంది, పెట్టేద్దాం రా!"

పాఠాంతరం: ఆడపిల్లల హాస్టళ్ళ ప్రతుల్లో 'పెట్టేద్దామే' అని ఉంది. అర్థభేదం లేదు, ఖర్చులో భేదం అసలే లేదు.

ప్రతిపదార్థం: రెండొందలు = రెండు వందల రూపాయలు; ఏ = మాత్రమే; గా = గదా, నీవూ ఒప్పుకుంటావు గదా; ఆఫర్‌లో = తగ్గింపు ధర అనబడే స్థితిలో; ఉంది = ప్రస్తుతానికి ఉన్నది, రేపు ఉంటుందో ఉండదో అన్న బెదిరింపుతో ఉన్నది; పెట్టేద్దాం = పెట్టివేద్దాము, ఆర్డరు అను పదము అధ్యాహార్యము; రా = ఓ మిత్రుడా, డబ్బు కట్టువాడా.

విశేషాలు: ఈ వాక్యంలో అన్నిటికంటే చిన్న మాట 'ఏ', అన్నిటికంటే పెద్ద పని చేసేదీ అదే. వ్యాకరణంలో దీని పేరు అవధారణార్థకం, తేల్చి చెప్పేది అని. ఇక్కడ మాత్రం తేల్చి చెప్పదు, తేలిక చేసి చెబుతుంది. అదే రెండు వందలను ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే 'రెండొందలా!' అని దీర్ఘం తీస్తాం. కొనేటప్పుడు 'రెండొందలే' అని ఏకారం తగిలిస్తాం. అంకె మారలేదు, అచ్చు మారింది. దుకాణదారులకు ఈ అచ్చు సంగతి బాగా తెలుసు కనుకనే ధర రెండు వందలని రాయరు, 199 అని రాస్తారు. మనవాళ్ళు దీనికి ఏనాడో బాటా రేటు అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వుకున్నా కొనడం మానలేదన్నది వేరే సంగతి. ఇక చెల్లింపు పద్ధతి కూడా ఈ ఏకారానికే ఊతమిచ్చింది. పిన్ను నొక్కకుండా డబ్బు పంపే యూపీఐ లైట్ 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఒక్కో చెల్లింపుకు పెట్టిన పరిమితి సరిగ్గా 200 రూపాయలు. తర్వాత అది 500 అయి, వెయ్యికి చేరింది. టీకొట్టు దగ్గర క్యూ కదలడానికి అది మంచి సౌకర్యమే, కాదనడానికి లేదు. కానీ పర్సు తీసి, నోటు విప్పి, చిల్లర లెక్కపెట్టుకునే ఆ కాసేపట్లో మనిషికి ఒక ఆలోచన తట్టే అవకాశం ఉండేది. చేతిలో నోటు పలచబడటం కంటికి కనబడేది. ఇప్పుడు ఆ కాసేపూ పోయింది.

క్రియాపదం 'పెట్టేద్దాం'. ఇది ఉత్తమపురుష బహువచనం. పెట్టేది మనం, తినేది మనం, బాగుందనేది మనం. డబ్బు తగ్గే ఖాతా మాత్రం ఏకవచనం. పైగా 'పెడదాం' అని ఊరుకోకుండా 'పెట్టివేద్దాం' అన్నాడు. ఈ 'వేయు' తెలుగులో పనిని ముగించడానికి వాడే సహాయ క్రియ. చదివేయడం, తోమేయడం, కట్టేయడం అన్నట్టు, మీద పడ్డ భారాన్ని దించుకునే పనులకు వాడతాం. కొనడం కూడా అలా తెమిలిపోవాల్సిన భారంలా వినిపిస్తోందంటే, ఆ తొందరను ఎవరో పుట్టించి ఉండాలి. పుట్టిస్తున్నారని ప్రభుత్వమే ఒప్పుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసి, ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయలను పేరుపెట్టి నిషేధించింది. లేని తొందర కల్పించడం అందులో ఒకటి. అడగని వస్తువును బుట్టలోకి జారవిడవడం ఇంకొకటి. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం మరొకటి. 'రెండే మిగిలాయి' అని ఎర్ర అక్షరాలతో అబద్ధం మెరిపించడం ఇప్పుడు తప్పు. పక్కమంచం మిత్రుడు చెవిలో చెప్పే 'పెట్టేద్దాం రా'కు మాత్రం ఏ మార్గదర్శకమూ వర్తించదు.

మరో విశేషం. 'పెట్టు' సకర్మక క్రియ, దానికి కర్మ ఉండాలి. మూలంలో కర్మ లేదు. ఎంతో ఉంది, ఎలా దొరుకుతోందో ఉంది, ఏం చేయాలో ఉంది, ఏమిటో లేదు. అది బిర్యానీ కావచ్చు, ఫోను కవరు కావచ్చు, టీషర్టు కావచ్చు, ఏది పెట్టి చదివినా వాక్యం నిలుస్తుంది. వస్తువు పేరే అక్కరలేకుండా నిలబడిన వాక్యంలో వస్తువు అవసరం ఉంటుందని ఎలా అనుకోగలం? కర్మ లేకపోయినా నెలాఖరులో కర్మఫలం మాత్రం తప్పదు.

విభక్తి విచారం: వ్యాఖ్యాత చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడ ఉంది. బడిలో వల్లెవేసిన విభక్తుల పట్టికను గుర్తు చేసుకోండి. కొఱకున్, కై అనేవి చతుర్థి. వలనన్, కంటెన్, పట్టి అనేవి పంచమి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అనేవి షష్ఠి. మూలంలో కనిపించే విభక్తి 'ఆఫర్‌లో' అన్న షష్ఠి ఒక్కటే. షష్ఠి సంబంధాన్ని చెబుతుంది. వస్తువుకు సంబంధం ఆఫర్‌తో ఉంది, మనతో లేదు. చతుర్థి జాడే లేదు. దేని కొరకు, ఎవరికై అన్న ఊసు లేదు. అవసరమైన కొనుగోలు చతుర్థి మీద నిలుస్తుంది: ల్యాబు కొరకు ఏప్రన్, వాన కొరకు గొడుగు, పరీక్షకై కాలిక్యులేటరు. అనవసరమైన కొనుగోలు పంచమి మీద నిలుస్తుంది, అదీ మూడు ప్రత్యయాలనూ వాడుకుంటూ: ఆఫర్ వలన కొన్నాను, పక్కగదివాడి ఇయర్‌బడ్స్ కంటె మంచివని కొన్నాను, అందరూ కొన్నదాన్ని బట్టి కొన్నాను. ఒకటి ప్రయోజనం, రెండోది ప్రేరణ. డబ్బు మిగుల్చుకోవడానికి కాలేజీ కుర్రవాడు నోరు కట్టుకోనక్కరలేదు, లెక్కల పుస్తకం పెట్టనక్కరలేదు. పంచమిని చూసి ఆగితే చాలు.

పంచమి ఎలా మోసం చేస్తుందో ఒక లెక్క చూద్దాం. హాస్టల్లో ఉన్నవాడికి 140 రూపాయల సరుకు కావాలి. ఇంటికి తెచ్చినందుకు 30 రూపాయలు. మొత్తం 170. అయితే 199కి చేరితే తెచ్చిచ్చే ఖర్చు లేదని కింద ఒక గీత పాకుతూ ఉంటుంది. ఆ గీత నిండటం కోసం 59 రూపాయల చిరుతిండి కలుపుతాడు. 30 రూపాయలు మిగిలాయని సంతోషిస్తాడు. కట్టింది 199. అంటే 30 తప్పించుకోవడానికి 59 పెట్టాడు, మొత్తం మీద 29 ఎక్కువ వదిలించుకున్నాడు. మూడు వందల టీషర్టు రెండు వందలకు వస్తే వంద మిగిలిందనడమూ ఇలాంటిదే. మూడు వందలకైనా కొని తీరేవాడికి వంద నిజంగా మిగిలినట్టే. అసలు కొనే ఉద్దేశమే లేనివాడికి ఆ వంద ఏ జేబులో మిగిలింది? వెతికితే దొరకదు. పోయిన రెండు వందలు మాత్రం స్టేట్‌మెంటులో దొరుకుతాయి.

పూర్వపక్షం, సిద్ధాంతం: 'రెండొందలతో మేడలు కట్టలేం' అన్నది మొదటి ఆక్షేపణ. నిజమే. వారానికి ఒక్కసారి ఈ వాక్యం ఫలించిందనుకుందాం. చదువు నడిచే వారాలు ఏడాదికి నలభై అనుకుంటే 8,000 రూపాయలు, నాలుగేళ్ళ బీటెక్‌లో 32,000. ఈ అంకె బరువు తెలియాలంటే పక్కన మరో అంకె పెట్టాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజనీరింగు చదివేవారి తిండికీ బసకూ తల్లుల ఖాతాలో వేసిన మొత్తం ఏడాదికి 20,000. ఒక రాష్ట్రం ఒక విద్యార్థి ఏడాది భోజన వసతులకు సాయంగా ఎంచిన సొమ్ములో అయిదింట రెండు వంతులు ఒక్క ఏకారం మింగేస్తోందన్నమాట. మేడ కట్టలేకపోవచ్చు, మెస్సు బాకీ మాత్రం కట్టొచ్చు.

రెండో ఆక్షేపణ దీనికంటే బలమైనది. చదువు ఖరీదు లక్షల్లో ఉండగా టీ నీళ్ళ మీదా టీషర్టుల మీదా ఉపదేశాలు చేయడం అన్యాయం కదా అంటారు. అన్యాయమే, ఆ పొదుపుతో ఈ ఫీజు కట్టమని చెబితే. ఫీజుల భారం విద్యార్థి పొదుపుతో తీరేది కాదు, అది ప్రభుత్వాలూ యాజమాన్యాలూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న. పేద విద్యార్థికి 'అనవసరంగా కొనకు' అని చెప్పడం ఆకలితో ఉన్నవాడికి పథ్యం చెప్పినట్టు. ఈ టీక ఉద్దేశించిన ఫలం చిన్నది. నెలాఖరులో చేబదులు అడగాల్సిన అవసరం రాకుండా ఉండటం, ఇప్పుడు కొని తర్వాత కట్టమనే యాప్ తలుపు తట్టకుండా ఉండటం. అప్పు చేసి పప్పుకూడు తినవద్దన్న సామెతలో కనీసం పప్పు ఉంది. ఇప్పటి అప్పుల్లో ఫోను కవరు ఉంటోంది.

మూడోది రసికుల ఆక్షేపణ. పద్దెనిమిదేళ్ళ వయసులో కూడా ప్రతి రూపాయికీ ప్రయోజనం అడిగితే స్నేహానికీ సరదాకూ చోటెక్కడ? సరదాకు చతుర్థి లేదని ఎవరన్నారు? మిత్రుడి పుట్టినరోజు కొరకు నలుగురూ కలిసి తెప్పించుకున్న బిర్యానీకి కొరకు ఉంది, అది శాస్త్రసమ్మతం. పరీక్షలు అయిపోయిన సాయంత్రం చూసిన సినిమా కూడా అంతే. ఆ ఖర్చు నాలుగేళ్ళ తర్వాత కూడా ఇదీ అని గుర్తుంటుంది. ఫోను చేతిలో ఉంది కనుక, తోచడం లేదు కనుక పెట్టిన ఆర్డరు ఏమిటో నాలుగు రోజులకే గుర్తుండదు. సరదాను మానమనడం లేదు. సరదా పేరు పెట్టుకున్న అలవాటును గుర్తుపట్టమంటున్నాం.

నాలుగోది తార్కికుల ఆక్షేపణ, చాలా సూక్ష్మం. కొరకు అనే ప్రత్యయాన్ని దేనికైనా తగిలించవచ్చు. మూడో జత బూట్లు కూడా 'వ్యాయామం కొరకు' అవుతాయి. ఈ చిక్కును విప్పేది పౌర్వాపర్యం. ఏది ముందు, ఏది వెనక అని చూడాలి. అవసరం ముందు పుట్టి వస్తువును వెతుక్కుంటూ పోతే అది చతుర్థి. వస్తువు ముందు కంటబడి అవసరాన్ని వెతుక్కుంటూ ఉంటే అది చతుర్థి వేషం కట్టిన పంచమి. పరీక్షించడం తేలిక. బుట్టలో వేసి, వచ్చే ఆదివారం దాకా వదిలెయ్యండి. ఆఫర్ పోయాక కూడా ఆ వస్తువు కావాలనిపిస్తే అవసరం నిజం. ఆఫర్‌తోపాటే ఆశ కూడా పోతే, పోయింది ఆఫరే, వస్తువు కాదు.

ఇంకొక్క మెలిక ఉంది. చతుర్థి ఉన్నంత మాత్రాన కొనుగోలు తప్పదని కాదు. బీటెక్ మొదటి ఏడాదిలో ఇంజనీరింగు గ్రాఫిక్స్ కొరకు డ్రాఫ్టరు కావాలి. ఆ సబ్జెక్టు అయిపోగానే అదే డ్రాఫ్టరు అటక మీదికో మంచం కిందికో చేరుతుంది. పై ఏడాది వాళ్ళ మంచాల కింద ఇలాంటివి ఎన్నో దుమ్ము పడుతుంటే, కింది ఏడాది వాళ్ళు దుకాణం ముందు వరస కడుతుంటారు. పాఠాలూ అంతే. ఐఐటీలూ బెంగుళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్‌లో వీడియో పాఠాలు డబ్బు కట్టకుండా చూడొచ్చు. అదే పాఠానికి 499 కట్టి, మూడో వీడియో దగ్గర ఆపేసినవాడు కొన్నది పాఠం కాదు, చదువుతున్నానన్న తృప్తి. అవసరం వస్తువుతో తీరుతుంది. కొనడం వస్తువును తెచ్చుకునే దారుల్లో ఒకటి మాత్రమే. అడగడం, పంచుకోవడం, లైబ్రరీకి వెళ్ళడం మిగతా దారులు. అడగడానికి మొహమాటపడి కొనేవాడు ఆ మొహమాటం ధర కూడా కలిపి కడుతున్నాడు. అలాగని పొదుపు పేరుతో నాసిరకం చెప్పులు కొని ఏడాదికి మూడుసార్లు మార్చడం కూడా ఈ సిద్ధాంతానికి విరుద్ధమే. కొరకు ఉన్నచోట మంచిదే కొనాలి, లేనిచోట చౌకైనదీ కొనకూడదు.

తాత్పర్యం: ఓ మిత్రుడా, తక్కువ ధర అన్నది కొనడానికి కారణమే గాని ప్రయోజనం కాదు. కొరకు ఉంటే కొనుము, వలన అయితే వదులుము అని భావము.

మూలవాక్యం ఈ రాత్రి కూడా ఏదో ఒక గదిలో వినబడుతుంది. శ్రోతకు ఒక్క మనవి. వక్తతో వాదించవద్దు, లెక్కలు చెప్పవద్దు, ఈ టీక చదివి వినిపించవద్దు. 'దేనికి రా?' అని రెండే మాటలు అడగండి. వెంటనే జవాబొస్తే పెట్టేయండి. 'ఊరికే' అని జవాబొస్తే మాత్రం ఆగండి. ఆ మాటకు తెలుగులో రెండర్థాలున్నాయి: ఉచితంగా అని ఒకటి, కారణం లేకుండా అని ఒకటి. మొదటి అర్థంలో ఏ దుకాణమూ ఏదీ ఇవ్వదు. రెండో అర్థంలోనే కొంటున్నాం.